ప్రభుత్వానికి, తిరుగుబాటుదారులకు మధ్య లోమే శాంతి ఒప్పందం జరిగాక కూడా సియెర్రా లియోన్‌లో యుద్ధం ఎందుకు ఆగలేదు?

తిరుగుబాటు దళం ఆర్‌యూఎఫ్ నాయకుడు ఫోడే సాంకో మాట తప్పాడు కాబట్టి అని చాలామంది చెబుతారు. అది సగం నిజం. అసలు లోపం 1999 జూలై 7 నాటి ఒప్పందంలోనే ఉంది.

అంతకు ఆరు నెలల ముందే, జనవరి 6న, తిరుగుబాటుదారులు ఫ్రీటౌన్‌లో చొరబడి వేలమందిని చంపారు, ఎందరివో చేతులు నరికారు. రాజధానిని నిలబెట్టింది పశ్చిమాఫ్రికా దేశాల ఉమ్మడి సైన్యమైన ఎకోమాగ్ దళాలు. వాటిలో ఎక్కువమంది నైజీరియా సైనికులు. ఆ భారం ఇక మోయలేమని నైజీరియా అప్పటికే అంటోంది. అధ్యక్షుడు కబ్బాకు నమ్మదగ్గ సైన్యం లేదు. 1997 మేలో ఆయన్ని గద్దె దించింది సొంత సైనికులే. అలాంటి స్థితిలో ఎవరైనా ఎలాంటి బేరానికి దిగుతారు? ఆర్‌యూఎఫ్‌కు క్షమాభిక్ష, మంత్రి పదవులు. సాంకోకు ఉపాధ్యక్ష హోదా, దానితోపాటు ఖనిజ వనరుల కమిషన్ అధ్యక్ష పదవి. వజ్రాలతో యుద్ధం నడిపినవాడికే వజ్రాల మీద పెత్తనం! యుద్ధ నేరాలకు ఈ క్షమాభిక్ష వర్తించదని ఐరాస ప్రతినిధి తన సంతకంతోపాటు షరతు రాయడం ఒక్కటే మేలు. ఆ నేరాల విచారణకు తర్వాత ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానానికి దారి మూసుకుపోకుండా అది కాపాడింది.

కోనో ప్రాంతపు వజ్రాల గనులు మాత్రం ఆర్‌యూఎఫ్ చేతిలోనే ఉండిపోయాయి. ఆ వజ్రాలు పొరుగున ఉన్న లైబీరియాకు, అక్కడి అధ్యక్షుడు చార్లెస్ టేలర్ మనుషుల దగ్గరికి వెళ్లేవి. అటునుంచి ఆయుధాలు వచ్చేవి. ఆ దారి తెరిచి ఉన్నన్నాళ్లూ తుపాకీ అప్పగించడం వాళ్లకు నష్టమే.

ఐరాస దళం 6,000 మందితో మొదలైంది, అదీ విడతలు విడతలుగా వచ్చింది. 2000 మేలో, సరిగ్గా ఎకోమాగ్ వెళ్లిపోయే వేళకు, ఆర్‌యూఎఫ్ సుమారు 500 మంది శాంతి సైనికులను బందీలుగా పట్టుకుంది. కైలాహున్ పట్టణంలో ఐరాస తరఫున ఉన్న మన గూర్ఖా దళం రెండు నెలలకు పైగా ముట్టడిలో చిక్కుకుని, జూలైలో ఆపరేషన్ ఖుక్రీ అనే సైనిక చర్యతో బయటపడింది.

పరిస్థితి మారింది ఆ తర్వాతే. సాంకో మేలోనే పట్టుబడ్డాడు. ప్రభుత్వ ధ్రువపత్రం లేని వజ్రాలను జూలైలో నిషేధించారు. 2001 మార్చిలో లైబీరియా మీద ఆంక్షలు బిగించారు. గినియా సైన్యం సరిహద్దులో ఆర్‌యూఎఫ్‌ను గట్టిగా దెబ్బతీసింది, సియెర్రా లియోన్ ప్రభుత్వ సైన్యానికి బ్రిటన్ శిక్షణ ఇచ్చింది, ఐరాస దళం పరిమితిని 17,500కు పెంచారు. 72,000 మందికి పైగా ఆయుధాలు దించాక, 2002 జనవరిలో యుద్ధం ముగిసిందని ప్రకటించారు.

అంతకుముందు ఇవే పక్షాల మధ్య కుదిరిన 1996 నాటి అబిజాన్ ఒప్పందాన్నీ చూడండి. దాని ప్రకారం కిరాయి సైన్యం ఎగ్జిక్యూటివ్ అవుట్‌కమ్స్‌ను పంపించేశారు, ఆ స్థానంలోకి ఐరాస దళం రాలేదు. ఆ కిరాయి సైన్యం వెళ్లిన నాలుగు నెలలకే, 1997 మేలో, సైనిక కుట్ర జరిగింది.