నమ్మనంటున్న తమ్ముడికి ఏమని జవాబు చెప్పాలి?

ప్రశ్న: మా తమ్ముడు నాతోపాటే సండే స్కూలుకు వెళ్లి, బాప్తిస్మం పొంది, సంఘంలో పాటలు పాడినవాడు. నాన్నగారు క్యాన్సర్‌తో చనిపోయాక మందిరానికి రావడం మానేశాడు. "అంతమంది ఉపవాస ప్రార్థనలు చేస్తే దేవుడు విన్నాడా? నాకిక నమ్మకం లేదు" అంటున్నాడు. సంఘంలో కొందరు పెద్దలు, దేవుణ్ణి కాదన్నవాడికి నీతి ఉండదనీ, పాదధూళి దులిపేసుకుని అతనితో రాకపోకలు తగ్గించుకోమనీ అంటున్నారు. క్రిస్మస్‌కు పిలవాలన్నా భయంగా ఉంది. నేనేం చేయాలి?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: సోదరీ, పాదధూళి దులపడం గురించి పెద్దలు చెప్పిన మాట మత్తయి సువార్త 10వ అధ్యాయంలో ఉన్నదే అయినా, దాన్ని మీ తమ్ముడికి వర్తింపజేయడం సరికాదని నా దృఢమైన అభిప్రాయం. సంచి గాని, రెండో అంగీ గాని లేకుండా ఊరూరా తిరిగి సువార్త చెప్పబోతున్న పన్నెండుమంది శిష్యులకు, తమను చేర్చుకోని ఊరిని విడిచి సాగిపొమ్మని ప్రభువు ఇచ్చిన ఆజ్ఞ అది. తోబుట్టువులు తెగతెంపులు చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదు. సమరయుల గ్రామం తనను చేర్చుకోనప్పుడు, ఆకాశం నుంచి అగ్ని రప్పించమంటారా అని అడిగిన యాకోబు, యోహానులనే ఆయన గద్దించాడని లూకా 9వ అధ్యాయం చెబుతోంది.

మీ తమ్ముడి మాటల్లో నాకు వాదం కన్నా దుఃఖమే ఎక్కువగా వినిపిస్తోంది. బైబిల్లో, కష్టాలపాలైన యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నంతసేపు మంచి స్నేహితులుగానే ఉన్నారు. నోరు విప్పి అతని బాధకు కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే దారి తప్పారు, చివరికి దేవుని కోపానికి గురయ్యారు. కనుక నాన్నగారి మరణానికి మీరు కారణాలు వెతికి చెప్పవద్దు. "నాన్న విషయంలో నాకూ జవాబు తెలియదురా, అయినా నేను ప్రభువును విడిచి ఉండలేను" అన్న మాట మీకు నిజమైతే, అదే చెప్పండి. మనలోని నిరీక్షణకు హేతువు అడిగేవారికి సాత్వికంతో సమాధానం చెప్పమని పేతురు తన మొదటి పత్రికలో రాశాడు. అడగనప్పుడు కూడా చెప్పి తీరాలని అక్కడ లేదు.

మరొక్క మాట, ఇది మన ఇళ్లలో తరచూ జరిగేదే. అతను భోజనానికి కూర్చున్నప్పుడు, "ప్రభువా, దారి తప్పిన నా తమ్ముడి మనసు మార్చు" అని అతనికి వినబడేలా ప్రార్థించకండి. అది దేవునితో మాట్లాడుతున్నట్టుగా తమ్ముణ్ణి దెప్పడమే. భోజనానికి కృతజ్ఞత చెప్పి ఆమేన్ అనండి. అతని కోసం కన్నీళ్లతో చేసే ప్రార్థన ఒంటరిగా ఉన్నప్పుడు చేసుకోండి.

నీతి ఉండదన్న మాటను మాత్రం గట్టిగా ఖండించాలి. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా గారి కోడలు, క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మహాకవి జాషువా గారి కుమార్తె హేమలతా లవణం. దొంగల ఊరని లోకం ముద్ర వేసిన స్టువర్టుపురంలో ఆమె, భర్త లవణం గారితో కలిసి అక్కడివారి జీవితాలు మార్చడానికి శ్రమించారు. ఆడపిల్లలను దేవతకు అంకితం చేసే జోగినీ వ్యవస్థ మీద పోరాడారు. అంతకు చాలాకాలం ముందే సాల్వేషన్ ఆర్మీ క్రైస్తవులు సేవ చేసిన ఊరది. వారి సేవను సాక్ష్యంగా చెప్పుకునే మనం, నాస్తికులైన ఈ దంపతుల సేవను చూడనట్టు ఉంటే అబద్ధమాడినవాళ్లమవుతాం.

ప్రభువు సొంత తమ్ముళ్లే మొదట ఆయనను నమ్మలేదు. వారిలో ఒకడైన యాకోబు తర్వాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు. మీ తమ్ముడూ తప్పక తిరిగి వస్తాడని నేను మాట ఇవ్వలేను, ఆ నిర్ణయం అతనిది. క్రిస్మస్‌కు తప్పకుండా పిలవండి. ప్రార్థన ఏ వేళకు ఉంటుందో ముందే చెప్పి, అది అయ్యాక భోజనానికి వచ్చినా సంతోషమేనని చెప్పండి. రాకపోతే ఆ పూట క్యారియరు కట్టి పంపించండి.