ఏసీలో సెన్సర్ లోపాన్ని గుర్తించడం ఎలా?

విజయవాడ మే నెల ఎండలో 24 డిగ్రీలకు పెట్టిన ఏసీ, గది చల్లబడకముందే కంప్రెసర్‌ను ఆపేస్తోందని, మెకానిక్ గ్యాస్ నింపించమంటున్నాడని మీరు రాశారు. గ్యాస్ తగ్గితే సాధారణంగా కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది కనుక ముందు సెన్సర్‌నే అనుమానించాలి.

ఇండోర్ యూనిట్‌లో మామూలుగా రెండు సెన్సర్లుంటాయి: కూలింగ్ కాయిల్ ముందు, గాలి లోపలికి వెళ్లే చోట ఉండేది గది ఉష్ణోగ్రతను, రాగి గొట్టానికి ఆనుకొని ఉండేది కాయిల్ ఉష్ణోగ్రతను కొలుస్తాయి. గది సెన్సర్ క్లిప్పు ఊడి చల్లని కాయిల్‌కు తగిలితే, గది చల్లబడిందనుకొని ఏసీని నడిపించే కంట్రోల్ బోర్డు కంప్రెసర్‌ను ఆపేస్తుంది. దాన్ని తిరిగి క్లిప్పులో బిగిస్తే చాలు, డబ్బు ఖర్చు లేదు.

అది సరిగ్గానే ఉంటే, ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ ఆపి, సెన్సర్ కనెక్టర్‌ను బోర్డు నుంచి ఊడదీసి, మల్టీమీటర్‌ను 20 కిలోఓమ్‌ల రేంజిలో పెట్టి సెన్సర్ నిరోధాన్ని కొలవండి. ఇవి వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే థర్మిస్టర్లు. 25 డిగ్రీల వద్ద 10 కిలోఓమ్‌లుండే రకమైతే, 35 డిగ్రీల గదిలో సుమారు 6.5 చూపాలి, అదే గదిలో 15 చూపిందంటే, గది 16 డిగ్రీల దగ్గర ఉందని బోర్డు భ్రమపడుతున్నట్టే. సెన్సర్ కొనను చల్లని నీటిలో ముంచినప్పుడు అంకె గెంతులు లేకుండా పెరగాలి. కనెక్టర్ పిన్నులకు పచ్చని చిలుము పట్టిందేమో కూడా చూడండి. వేరే విలువల సెన్సర్లు వాడే మోడళ్లూ ఉన్నాయి కనుక, సర్వీస్ మాన్యువల్ చెప్పిన విలువదే కొని మార్చండి.

అవుట్‌డోర్ యూనిట్‌ను మాత్రం మీరు తెరవవద్దు. ఇన్వర్టర్ బోర్డులోని కెపాసిటర్లలో కరెంటు ఆపాక కూడా కొంతసేపు ప్రమాదకరమైన చార్జ్ నిలిచి ఉంటుంది.