అట్రాజిన్ కొట్టిన చేలో లూసర్న్ ఎప్పుడు చల్లాలి?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా. నల్లరేగడి, బోరు నీళ్లున్నాయి. ఆరు బర్రెలు, రెండు ఆవులు. జూన్ చివర్లో ఎకరంలో మేతకు మక్క వేసి, మొలవక ముందే అట్రాజిన్ అనే కలుపు మందు కిలో ప్యాకెట్ కొట్టాను. మేత కోసేశాం. దాన్నానుకొని అరెకరం గడ్డిబీడు ఉంది. అందులో వయ్యారిభామ విపరీతంగా పెరిగితే సెప్టెంబర్ మొదటి వారంలో 2,4-డి కలుపు మందు కొట్టించాను. ఇప్పుడు రెండూ దున్ని పప్పుజాతి పచ్చిమేత పంటలైన లూసర్న్ గానీ బర్సీం గానీ చల్లాలని ఉంది. బయటి దేశపు వీడియో ఒకదాంట్లో మందు కొట్టిన పచ్చికలో క్లోవర్ అనే పప్పుజాతి మేత మొక్క చల్లాలంటే ఏడాది దాకా ఆగాలన్నారు. మేమూ అంత ఆగాలా?
– ఒక రైతు, ధర్మాబాద్ తాలూకా

జవాబు: వీడియోలో చెప్పింది నిజమే, అయితే ఆ మందులు వేరు. న్యూజిలాండ్, బ్రిటన్ లాంటి దేశాల్లో గడ్డితో కలిపి తెల్ల క్లోవర్ పెంచుతారు. అక్కడి పచ్చికల్లో ముళ్ల మొక్కలను, పొదలను చంపడానికి పిక్లోరామ్, క్లోపైరలిడ్, అమినోపైరలిడ్ అనే కలుపు మందులు వాడతారు. ఇవి నెలల తరబడి నేలలో ఉంటాయి. ఆ గడ్డి తిన్న పశువు పేడలో కూడా చెడకుండా బయటికొస్తాయి. బ్రిటన్‌లో అలాంటి పేడ ఎరువు వేసిన పెరట్లలో టమాటా, చిక్కుడు ముడుచుకుపోయాయని గగ్గోలు పుట్టి, 2008లో అమినోపైరలిడ్ అమ్మకాలు కొంతకాలం ఆపించారు. బర్సీం కూడా క్లోవర్ జాతే కనుక మీకు అనుమానం రావడం సహజం. మీరు కొట్టినవి ఆ మందులు కావు. కాకపోతే మీ రెండు మందులకూ ఒకే లెక్క పనికిరాదు.

బీడు సంగతి తేలిక. తేమ, వెచ్చదనం ఉన్న నేలలో సూక్ష్మజీవులు 2,4-డిని తొందరగా తినేస్తాయి. సుమారు పది రోజులకు సగం పోతుంది, నెల దాటితే పప్పుజాతి విత్తనానికి హాని చేసేంత మిగలదు. సెప్టెంబర్‌లో కొట్టారు, ఆ తర్వాత వానలు పడ్డాయి. కాబట్టి అక్టోబర్ చివర్లో ఆ అరెకరం నిశ్చింతగా దున్నుకోండి.

నాకు దిగులంతా మక్క చేను గురించే. అట్రాజిన్ సగం కావడానికి సుమారు అరవై రోజులు పడుతుంది. జూన్ చివరి నుంచి అక్టోబర్ చివరికి నాలుగు నెలలు, అంటే కొట్టినదాంట్లో పావు వంతు ఇంకా ఉండొచ్చు. కిలో ప్యాకెట్‌లో అసలు మందు అర కిలో, అందులో పావంటే ఎకరానికి నూట ఇరవై గ్రాముల పైమాట. మక్క, జొన్న ఆ మందును తమలోనే విరిచేసుకుంటాయి. లూసర్న్, బర్సీం మొలకలకు ఆ శక్తి లేదు. పైగా మీది నల్లరేగడి. పీహెచ్ (నేల పులుపు, క్షారం కొలత) ఎనిమిది దగ్గర ఉండే ఇలాంటి సున్నపు నేలల్లో అట్రాజిన్ విరగడం మరీ నెమ్మది. వానలు బాగా కురిసిన ఏడు లెక్క కన్నా తక్కువ మిగలొచ్చు, వాన ముఖం చాటేసిన ఏడు ఎక్కువ మిగలొచ్చు. అందుకే తేదీ చూసి విత్తమని నేను చెప్పలేను. మట్టినే అడగాలి.

ఎలాగంటే, చేలో పది చోట్ల జానెడు లోతు మట్టి తీసి కలపండి. ఎప్పుడూ మందు పడని గెట్టు మీది మట్టి కూడా అంతే తీయండి. అది అదే నల్లమట్టి అయి ఉండాలి, లేకపోతే పోలిక కుదరదు. అడుగున చిల్లులు పెట్టిన డబ్బాలు రెండేసి తీసుకుని నింపండి. ఒక్కోదాంట్లో పాతిక గింజలు వేయండి. లూసర్న్ విత్తనం ఇంకా కొనకపోతే వంటింట్లో మెంతులు చాలు. మెంతి, లూసర్న్, బర్సీం దగ్గరి బంధువులే, కాబట్టి ఈ మందుకు దాదాపు ఒకేలా లొంగుతాయి. ఎండ తగిలే చోట పెట్టి మూడు వారాలు చూడండి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. నాలుగో రోజుకు మొలకలు పచ్చగా లేచేసరికి నేల బాగుందనుకుని విత్తేస్తారు. అట్రాజిన్ మొలవడాన్ని ఆపదు, ఆకు ఎండను ఆహారంగా మార్చుకునే పనిని ఆపుతుంది. గింజలో దాచుకున్న తిండి అయ్యేవరకు మొక్క బాగానే కనిపిస్తుంది. ఆ తర్వాత ఆకుల అంచులు పసుపెక్కి మాడిపోతాయి. కాబట్టి మూడు ఆకులు వచ్చేదాకా ఆగండి. గెట్టు మట్టిలో మొక్కలు, చేను మట్టిలో మొక్కలు ఒకేలా ఉంటే చల్లుకోవచ్చు. తేడా కనిపిస్తే ఆ ఎకరంలో ఈ ఏడు లూసర్న్ వద్దు, జొన్న వేయండి. ఓట్స్ మాత్రం వేయొద్దు, అది గడ్డిజాతే అయినా అట్రాజిన్‌కు ఇట్టే చస్తుంది.

పరీక్ష జరుగుతున్న మూడు వారాలు చేనును ఎండబెట్టకండి. ఒక తడి ఇచ్చి, పదును రాగానే గుంటక తోలండి. మందును తినే జీవులకు తేమ, వేడి రెండూ కావాలి. చలి ముదిరాక వాటి పని మందగిస్తుంది, డిసెంబర్‌లో గడిచే నెల జూలై నెలతో సమానం కాదు. లూసర్న్‌కు నవంబర్ నడిమి దాకా అదను ఉంది కాబట్టి ఈరోజే డబ్బాలు పెడితే సరిపోతుంది.

రెండింట్లో నా ఓటు లూసర్న్‌కే. బర్సీంకు చల్లదనం కావాలి, మీ ప్రాంతంలో ఫిబ్రవరి దాటితే అది నిలవదు. రాహురి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఆర్‌ఎల్-88 రకం ఒకసారి పట్టుకుంటే మూడేళ్లు కోతలిస్తుంది. ఎకరానికి ఎనిమిది నుంచి పది కిలోల విత్తనం పడుతుంది. మూడేళ్లు నిలవాల్సిన పంటకు మూడు వారాలు ఆగడం నష్టమేమీ కాదు. కొనేటప్పుడు బంగారు తీగ (పంటను చుట్టుకుని దాని రసం పీల్చే కలుపు) గింజలు లేని విత్తనమే అడగండి. ఆ తీగ వచ్చిందంటే ఏ మందుకూ సులువుగా పోదు.

మీ ఊళ్లో సోయా రైతులకూ ఒక మాట. ఇమాజెథాపిర్ అనే కలుపు మందు కొట్టిన సోయా చేలో లూసర్న్‌కు పెద్దగా భయం లేదు, ఆ మందు చాలావరకు పప్పుజాతిని వదిలేస్తుంది. కానీ అదే చేలో ఆవాలు, జొన్న వేస్తే దెబ్బ తగలొచ్చు. గోధుమలో, వరిలో ఎకరానికి ఎనిమిది గ్రాములే వాడే మెట్‌సల్ఫ్యురాన్ మిథైల్ అనే కలుపు మందు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. పొట్లం చిన్నదని దుకాణదారు తేలిగ్గా చేతిలో పెడతాడు. నల్లరేగడిలో అది చాలాకాలం ఉంటుంది, లూసర్న్, బర్సీం వేర్లను మొదట్లోనే కుదించేస్తుంది. పప్పుజాతి మేత వేయాలనుకున్న చేలోకి దాన్ని రానీయకండి. దుకాణంలో మందు పేరు మరాఠీలో రాసి ఉంటే చదివించుకుని, ఖాళీ ప్యాకెట్ దాచుకోండి. వచ్చే ఏడు ఇదే ప్రశ్న వస్తే జవాబు దానిమీదే ఉంటుంది.

2,4-డి కొట్టిన పంపును సబ్బునీళ్లతో రెండు మూడుసార్లు కడగకుండా పత్తిలోకి తీసుకెళ్లకండి. అందులో మిగిలిన కొద్దిపాటి మందుకే పత్తి ఆకు బెండాకులా చీలిపోతుంది.

ఇకమీదట బీడులో కలుపు మందు కొట్టినప్పుడు పాలిచ్చే పశువులను కనీసం వారం అటు పోనివ్వకండి. మందు పడిన కలుపు వాడుతున్నప్పుడు మామూలుగా ముట్టని విషపు మొక్కలను కూడా పశువు ఇష్టంగా తింటుంది, వాటిలో పశువుకు విషమయ్యే నైట్రేట్ కూడా పెరగొచ్చు. కలుపు పూర్తిగా ఎండి రాలాకే బర్రెలను వదలండి.