రాత్రిపూట ఆ స్విచ్చి కట్టెయ్యొచ్చా?

ప్రశ్న: నేను పోర్టులో పనిచేసి రిటైరయ్యాను. పెదవాల్తేరులో సొంతిల్లు. మా అబ్బాయి ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తాడు. పనయ్యాక కంప్యూటర్ షట్‌డౌన్ చెయ్యడు, స్లీప్‌లో పెట్టేసి వెళ్ళి పడుకుంటాడు. సీపీయూ మీద చిన్న లైటు రాత్రంతా మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. కరెంటూ దండగ, వస్తువూ పాడవుతుందని నేను పడుకోబోయే ముందు గోడ స్విచ్చి కట్టేస్తున్నాను. మొన్న పొద్దున్న, సగం చేసి ఉంచిన ఎక్సెల్ షీటు పోయిందని వాడు ఇంటి పైకప్పు లేచిపోయేలా అరిచాడు. రెండ్రోజులు మాటల్లేవు మా మధ్య. అసలు స్లీప్ మంచిదా, షట్‌డౌన్ మంచిదా? తప్పు నాదా, వాడిదా?

జవాబు: పెద్దాయన మీరు అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. స్లీప్‌లో ఉన్న కంప్యూటర్‌కి గోడ దగ్గర కరెంటు తీసెయ్యడం మీ పొరపాటు. ఫైలు సేవ్ చెయ్యకుండా స్లీప్‌ని నమ్ముకుని పడుకోవడం మీ అబ్బాయి పొరపాటు, ఎందుకంటే మీరు కట్టెయ్యకపోయినా అర్ధరాత్రి ఓ అయిదు నిమిషాలు కరెంటు పోతే జరిగేది అదే.

ముందు ఆ షీటు సంగతి చూడండి, పూర్తిగా పోయి ఉండకపోవచ్చు. మార్చకుండా వదిలేస్తే ఎక్సెల్ పది నిమిషాలకోసారి తనంతట తానే ఒక నకలు దాచుకుంటుంది. ఎక్సెల్ మళ్ళీ తెరిచినప్పుడు ఎడమవైపు 'డాక్యుమెంట్ రికవరీ' అని కనిపిస్తే దాన్ని మూసెయ్యకుండా అందులో ఉన్నది తెరిచి చూడమనండి. అది రాకపోతే 'ఫైల్', 'ఇన్ఫో', 'మేనేజ్ వర్క్‌బుక్' అనే దారిలో వెళ్ళి 'రికవర్ అన్‌సేవ్డ్ వర్క్‌బుక్స్' నొక్కాలి.

ఇప్పుడు స్లీప్ అంటే ఏమిటో చెబుతాను. మీరు తెరిచిన ఫైళ్ళు, బ్రౌజర్ పేజీలు అన్నీ పని జరుగుతున్నంతసేపూ ర్యామ్‌లో ఉంటాయి. ర్యామ్‌ని ఒక పలక అనుకోండి, కరెంటు ఉన్నంతసేపే దాని మీద అక్షరాలు నిలుస్తాయి. స్లీప్‌లో పెడితే ఫ్యాన్లు ఆగుతాయి, డిస్కు ఆగుతుంది, తెర ఆరిపోతుంది, ఆ పలక చెరిగిపోకుండా ర్యామ్‌కి మాత్రం కొంచెం కరెంటు అందుతూ ఉంటుంది. మీ సీపీయూ మీద మిణుకుమనే లైటు చెబుతున్నది అదే. స్విచ్చి కట్టెయ్యగానే పలక తుడిచిపెట్టుకుపోతుంది. అప్పటికే సేవ్ చేసిన ఫైళ్ళకి మాత్రం సాధారణంగా ఏమీ కాదు, ఎందుకంటే స్లీప్‌లో ఉండగా డిస్కు మీద రాత జరగదు.

కరెంటు బిల్లు గురించి మీ బెంగ తీరాలంటే ఒకసారి లెక్క వేద్దాం. రోజులో 14 గంటలు కంప్యూటర్ వాడరనుకోండి. ఆ 14 గంటలూ మానిటర్‌తో సహా ఊరికే ఆన్‌లో వదిలేస్తే, 80 వాట్ల లెక్కన నెలకి 33 యూనిట్లు దాటుతుంది, అది నిజంగా దండగే. స్లీప్‌లో పెడితే సుమారు 3 వాట్లు, అంటే నెలకి యూనిట్టూ పావు. యూనిట్టు ఆరు రూపాయలనుకున్నా నెలంతా కలిపి ఎనిమిది రూపాయలు దాటదు. ఆ ఎనిమిది రూపాయల కోసం అబ్బాయి పని పోగొట్టకండి.

వస్తువు పాడవుతుందనే భయం ఇంకా పాతది. మీరు ఆఫీసులో విండోస్ 95, 98 వాడి ఉంటే గుర్తుండే ఉంటుంది, షట్‌డౌన్ చేశాక నల్లటి తెర మీద నారింజ రంగు అక్షరాలతో 'ఇప్పుడు కంప్యూటర్ ఆపడం క్షేమం' అని ఇంగ్లీషులో వచ్చేది, అది వచ్చేదాకా ఎవరూ స్విచ్చి ముట్టుకునేవారు కాదు. ఆ రోజుల జాగ్రత్త అది. ఇంకో వైపు, మాటిమాటికీ ఆన్ ఆఫ్ చేస్తే హార్డ్‌డిస్కు పోతుందనేవాళ్ళూ ఉన్నారు. పాత డెస్క్‌టాప్ హార్డ్‌డిస్కుల్లో చాలావాటికి తయారీదారులు ఇచ్చిన హామీ 50,000 సార్లు ఆగి తిరగడం. రోజుకి నాలుగుసార్లు ఆపి వేసినా 34 ఏళ్ళు పడుతుంది. చిప్పుల్లోనే అంతా దాచుకునే కొత్తరకం డిస్కు, ఎస్ఎస్‌డీలో అయితే అసలు తిరిగేదే లేదు. కాబట్టి స్లీప్ వల్లా షట్‌డౌన్ వల్లా కంప్యూటర్ ఆయుష్షు చెప్పుకోదగ్గంత తగ్గదు, మీ ఇంట్లో తేల్చుకోవాల్సింది ఇది కాదు.

మన విశాఖలో తేల్చుకోవాల్సింది కరెంటు సంగతి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములు, అక్టోబరు వస్తే తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు, వచ్చినప్పుడూ కుదురుగా రాలేదు, వచ్చి పోయి మళ్ళీ వచ్చి. ఆ తర్వాత నా బల్ల మీదికి వచ్చిన సీపీయూల్లో ఎక్కువవాటికి పోయింది పవర్ సప్లై డబ్బానే. మూత తీస్తే మాడిన వాసన, లోపల కెపాసిటర్లు నెత్తిన ఉబ్బిపోయి, ఒకటి రెండు పగిలి గోధుమరంగు జిగురు కారి ఉండేవి. తెచ్చినవాళ్ళు చెప్పిన మాట ఒక్కటే: 'షట్‌డౌన్ చేసే ఉంచామండీ!' నిజమే, చేశారు. కానీ షట్‌డౌన్ చేసినా గోడ స్విచ్చి వేసి ఉన్నంతసేపూ పవర్ సప్లైకి 230 వోల్టులు అందుతూనే ఉంటాయి, ఆ వోల్టులే ఒక్కసారిగా ఎగసినప్పుడు దెబ్బ తగిలేది దానికే.

అందుకే స్విచ్చి కట్టేసే మీ అలవాటు మంచిదేనంటాను. మానొద్దు, వేళ మార్చుకోండి చాలు.

మీ ఇద్దరికీ సరిపడేది మూడోది ఒకటుంది, హైబర్నేట్. పలక మీద ఉన్నదంతా నోటుపుస్తకంలోకి ఎక్కించినట్టు, ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులోకి రాసేసి, అప్పుడు కంప్యూటర్ పూర్తిగా ఆగిపోతుంది. ఇంక కరెంటు పోనివ్వండి, మీరు కట్టెయ్యండి, పొద్దున్న బటన్ నొక్కితే తెరిచిన ఎక్సెల్ షీటు తెరిచినట్టే లేస్తుంది. స్లీప్ కంటే కొంచెం నెమ్మదిగా లేస్తుంది, అంతే తేడా. రోజూ ఇలా రాస్తే ఎస్ఎస్‌డీ అరిగిపోతుందని మీవాడు అనొచ్చు. 250 జీబీ ఎస్ఎస్‌డీల్లో 150 టీబీ (టీబీ అంటే సుమారు వెయ్యి జీబీ) దాకా రాతకి హామీ ఇచ్చినవి ఉన్నాయి. రోజుకి 5 జీబీ చొప్పున రాసినా ఏడాదికి రెండు టీబీ కూడా కాదు.

చిక్కేమిటంటే విండోస్‌లో ఈ హైబర్నేట్ మామూలుగా కనిపించదు. కంట్రోల్ ప్యానెల్‌లో 'పవర్ ఆప్షన్స్' తెరిచి, ఎడమవైపు 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డు' నొక్కి, పైన 'చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్' అన్న నీలిరంగు వరస నొక్కితే కింద హైబర్నేట్ పక్కన చిన్న గడి వస్తుంది. టిక్కు పెట్టి సేవ్ చేస్తే, అప్పట్నుంచి షట్‌డౌన్ ఉండే చోటే అదీ ఉంటుంది. పగలు భోజనానికో, టీకో లేచినప్పుడు స్లీప్‌లో పెట్టుకోమనండి, దానికేం ఫరవాలేదు, సేవ్ చేసి మరీ లేవమనండి. రాత్రికి మాత్రం హైబర్నేట్.

మీకు ఒక గుర్తు. లైటు మిణుకుమంటుంటే స్లీప్‌లో ఉన్నట్టు, స్విచ్చి ముట్టుకోవద్దు. లైటు పూర్తిగా ఆరిపోతే కట్టెయ్యండి. కొన్ని సీపీయూల్లో స్లీప్‌లోనూ లైటు ఆరిపోతుంది గానీ, మీ ఇంట్లోది మిణుకుమంటుందని మీరే రాశారు కాబట్టి మీకు ఆ తిరకాసు లేదు. హైబర్నేట్ చేశాక లైటు ఎలా ఉంటుందో ఒక్కసారి మీవాణ్ణి పక్కన నిలబెట్టుకుని చూడండి. ఉరుముల రోజున స్విచ్చి ఒక్కటీ చాలదు, ప్లగ్గు పీకెయ్యాలి, రౌటర్ నుంచి వచ్చే నెట్ వైరు కూడా తీసెయ్యాలి.

రోజూ స్విచ్చి కట్టేసే ఇళ్ళలో ఇంకొకటి జరుగుతుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు, గోడ కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. కొన్నేళ్ళకి అది అయిపోతే తారీఖు ఎప్పటిదో చూపిస్తుంది, దాంతో బ్యాంకు వెబ్‌సైటు కూడా 'సురక్షితం కాదు' అంటుంది. వైరస్ అని కంగారు పడకండి. ఆ బిళ్ళ చవకే, మార్చడం అయిదు నిమిషాల పని.

ప్రశ్న: మాది మధురవాడ. నేను రోజూ రాత్రి బుద్ధిగా షట్‌డౌన్ చేస్తాను. అయినా కంప్యూటర్ నత్తలా నడుస్తోంది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే 'అప్ టైమ్' 23 రోజులని ఉంది. 23 రోజుల నుంచీ ఆగలేదంటే ఎలా నమ్మాలి?

జవాబు: నమ్మాలమ్మా, అది చూపించేది తప్పు కాదు. 2012లో విండోస్ 8తో 'ఫాస్ట్ స్టార్టప్' అని ఒకటి వచ్చింది, 10లోనూ 11లోనూ ఉంది. అది ఆన్‌లో ఉంటే, మీరు షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములు మూసుకుంటాయి గానీ విండోస్ లోపలి ముఖ్యమైన భాగం మూసుకోదు, దాన్ని డిస్కులో దాచిపెట్టి మర్నాడు అదే మళ్ళీ పైకి తెస్తుంది. అంటే మీ షట్‌డౌన్‌లో సగం హైబర్నేట్ ఉంది. ఎక్కడో ఒక డ్రైవర్, అంటే ప్రింటరు లాంటి పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపించే చిన్న ప్రోగ్రాము, మొండికేస్తే ఆ మొండితనం కూడా రోజూ దాంతోపాటే లేస్తుంది.

రీస్టార్ట్ అలా కాదు, అంతా దించి మొదటి నుంచీ ఎక్కిస్తుంది. చాలామంది రీస్టార్ట్‌ని షట్‌డౌన్ కంటే చిన్న పని అనుకుంటారు, ఇక్కడ సంగతి తలకిందులు. వారానికి ఒక్కసారి, ఆదివారం పొద్దున్న అనుకోండి, రీస్టార్ట్ చెయ్యండి, ఆగి ఉన్న అప్‌డేట్లు కూడా అప్పుడే ఎక్కుతాయి. లేదంటే షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటర్ అయితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల మిగిలేది కొద్ది సెకన్లే, తీసేసినా నష్టం లేదు. పై జవాబులో హైబర్నేట్ గడి ఉన్న చోటే దీని గడీ ఉంటుంది.

రీస్టార్ట్ చేశాక కూడా నత్తనడకే అయితే కారణం వేరే ఉన్నట్టు. ర్యామ్ ఎంత, హార్డ్‌డిస్కా ఎస్ఎస్‌డీనా రాసి పంపండి, చూద్దాం.

ప్రశ్న: గాజువాక నుంచి రోజూ బస్సులో కాలేజీకి వెళ్తాను. ల్యాప్‌టాప్ మూత మూసి బ్యాగులో పెడితే, దిగేసరికి వేడిగా ఉంటోంది, చార్జింగ్ కూడా పడిపోతోంది. బ్యాటరీ పోయిందా?

జవాబు: బ్యాటరీని అప్పుడే అనుమానించకు తమ్ముడూ. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి స్లీప్ అంటే ఫోన్ తెర ఆపినట్టే, లోపల నెట్‌కి కలిసే ఉండి, మధ్యలో లేచి మెయిళ్ళు చూసుకుంటుంది, అప్‌డేట్లు దింపుకుంటుంది. బల్ల మీద ఉంటే ఫరవాలేదు. గాలాడని బ్యాగులో, ఎండలో, గంటసేపు బస్సులో అలా పనిచేస్తే వేడెక్కక ఏం చేస్తుంది? నేను పైన చెప్పిన పవర్ బటన్స్ పేజీలోనే 'వెన్ ఐ క్లోజ్ ద లిడ్' అని ఉంటుంది, అక్కడ స్లీప్ తీసేసి హైబర్నేట్ పెట్టు. మూత మూశాక లైటు ఆరేదాకా అరనిమిషం ఆగి, అప్పుడు బ్యాగులో పెట్టుకో. వారం రోజులు అలా చేసినా చార్జింగ్ దిగిపోతుంటే అప్పుడు బ్యాటరీ చూపిద్దువుగాని.