వెన్ను వంకరకు చిన్నప్పుడే ఆపరేషన్ అయింది.. మళ్లీ చేయించుకోక తప్పదా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. నాకు 37 ఏళ్లు. టీచర్‌గా పనిచేస్తున్నాను. పదిహేనో ఏట స్కోలియోసిస్‌కు హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు వేశారు. ఇన్నేళ్లూ ఇబ్బంది లేదు. ఏడాదిగా నడుము కింద నొప్పి, ఎడమ కాలులో తిమ్మిర్లు వస్తున్నాయి. సాయంత్రానికి నిటారుగా నిలబడలేకపోతున్నాను. ఎక్స్‌రే చూసి ఒక రాడ్ విరిగిందని, మళ్లీ పెద్ద ఆపరేషన్ చేయాలని అంటున్నారు. తప్పదా?

జవాబు: ఒంట్లో వేసిన రాడ్ విరిగిందంటే ఎవరికైనా భయం వేస్తుంది. అయితే ఆ ఒక్క ఎక్స్‌రేను బట్టి ఆపరేషన్‌కు తొందరపడాల్సిన అవసరం లేదు. ఇల్లు కట్టేటప్పుడు స్లాబ్ గట్టిపడేదాకా సెంట్రింగ్ ఎలా మోస్తుందో, పూసలన్నీ ఒకే ఎముకగా అతుక్కునేదాకా రాడ్ వెన్నును అలా పట్టి ఉంచుతుంది. పూసలు గట్టిగా అతుక్కుని ఉంటే తర్వాత ఎప్పుడో రాడ్ విరిగినా దానివల్ల నొప్పి రాకపోవచ్చు. ఒకచోట అతుకు పడకుండా మిగిలిపోతే మాత్రం అక్కడ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కదలిక ఉండి, లోహం అలసి విరుగుతుంది. మీ విషయంలో ఈ రెండింటిలో ఏది జరిగిందో ముందు తేలాలి.

మీరు రాసిన వాటిలో నేను ఎక్కువగా ఆలోచించింది కాలు తిమ్మిర్ల గురించీ, సాయంత్రానికి నిటారుగా నిలబడలేకపోవడం గురించీ. అతికించిన పూసలు వంగవు కాబట్టి, వాటి కింద మిగిలిన ఒకటి రెండు డిస్కుల మీదే ఇరవై రెండేళ్లుగా మీ వంగడం, లేవడం అంతా పడింది. అవి అరిగి నరాన్ని నొక్కితే తిమ్మిర్లు ఆ కాలిలోకి దిగుతాయి. ఇక మనిషి వెన్నుకు నడుము దగ్గర సహజంగా ఒక లోపలి వంపు ఉంటుంది. 1960ల నుంచి చాలా ఏళ్లు వాడిన హారింగ్టన్ రాడ్లతో ఈ వంపు చదునైపోయేది. స్క్రూలు వచ్చాక ఆ సమస్య తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. వంపు తగ్గినవారు పొద్దున బాగానే ఉండి, పొద్దుగూకేసరికి ముందుకు వాలిపోతారు, నిలబడటానికి మోకాళ్లు కొంచెం మడుస్తారు, తొడ మీద చెయ్యి ఆనిస్తారు. మీకూ ఇలాగే అవుతోందేమో ఇంట్లోవాళ్లను పక్క నుంచి గమనించమని చెప్పండి.

పడుకోబెట్టి తీసిన నడుము ఎక్స్‌రేలో ఇది తెలియదు. మెడ నుంచి తుంటి కీళ్ల వరకు వచ్చేలా, నిలబెట్టి, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీయించాలి. పూసలు అతుక్కున్నాయో లేదో సీటీ స్కాన్ బాగా చూపిస్తుంది. నరం ఎక్కడ నొక్కుకుందో ఎమ్మారైలో తెలుస్తుంది. వెన్నులో రాడ్లున్నా సాధారణంగా ఎమ్మారై చేయవచ్చు, లోహం చుట్టూ బొమ్మ కొంత చెదురుతుంది, అంతే. స్టీలుకు ఎక్కువ, టైటానియానికి తక్కువ. అందుకే మీకు వేసింది ఏ లోహమో తెలిసేలా పాత డిశ్చార్జి కాగితం దొరికితే తప్పక తీసుకువెళ్లండి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్త పరీక్షలు కూడా అవసరం, ఎందుకంటే స్క్రూల దగ్గర నెమ్మదైన ఇన్‌ఫెక్షన్ ఏళ్ల తర్వాత జ్వరమేమీ లేకుండా కేవలం నొప్పిగానే బయటపడవచ్చు.

మీది మర్రిగూడ కాబట్టి ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మిషన్ భగీరథ నీళ్లు రాకముందు మీ చిన్నతనమంతా బోరు నీళ్లతోనే గడిచి ఉంటే, మీ ఎముకల్లో ఫ్లోరైడ్ ఎంత చేరిందో చూడకుండా ఈ వయసులో వెన్ను ఆపరేషన్‌కు వెళ్లకూడదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని చెప్పే ఫ్లోరైడ్, ఎముకను ఎక్స్‌రేలో దట్టంగా చూపిస్తూనే లోపల పెళుసుగా మారుస్తుంది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్షలో కూడా అంకె బాగున్నట్టే రావచ్చు. పైగా వెన్నులో పూసలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు ఎముకలా గట్టిపడి నరాల దారిని ఇరుకు చేస్తాయి కాబట్టి, మీ తిమ్మిర్లకు పాత ఆపరేషన్‌తో సంబంధమే లేకపోవడానికీ అవకాశం ఉంది. ముంజేతి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష తేలికైనవి. మీ ఊరి పేరు, చిన్నప్పుడు తాగిన నీళ్ల సంగతి సర్జన్ అడగకపోయినా మీరే చెప్పండి.

ఈలోగా నొప్పి మాత్రలు రోజూ మింగకండి, కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. కాలిలో బలం తగ్గనంతవరకు ఫిజియోథెరపీ, అవసరమైతే ఆ నరం దగ్గర ఇంజెక్షన్ ప్రయత్నించవచ్చు. ఆ ఇంజెక్షన్‌తో ఉపశమనం వస్తే, నొప్పి ఏ నరం నుంచి వస్తోందో కూడా తెలుస్తుంది. పాదం పైకి ఎత్తలేకపోయినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడినా, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గినా మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

అతుకు పడని చోట కదలిక ఉండి నొప్పి తగ్గకపోయినా, కాలి బలం తగ్గుతూ వచ్చినా, శరీరం ముందుకు వాలడం పెరుగుతూ పోయినా రెండో ఆపరేషన్ అవసరమే. అది మొదటిదానికంటే కష్టమైనది. పాత గాటు కింద కణజాలం నరాల పొరకు అతుక్కుని ఉంటుంది, రక్తం ఎక్కువ పోతుంది, ఇన్‌ఫెక్షన్‌కూ నరాలకు దెబ్బ తగలడానికీ అవకాశం పెరుగుతుంది. కాబట్టి ఇలాంటి కేసులు తరచుగా చేసే, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నరాల పనితీరును మానిటర్ మీద గమనించే సౌకర్యం ఉన్న చోటే చేయించుకోండి. నిమ్స్ వంటి చోట రెండో అభిప్రాయం తీసుకుంటే మొదటి డాక్టర్ తప్పుగా అనుకోరు. ఖర్చు ఆరోగ్యశ్రీ కిందకు వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. రక్తహీనత, షుగర్, విటమిన్ డి లోపం ఉంటే ముందే సరిచేసుకోవాలి.

ఏ పూస నుంచి ఏ పూస వరకు అతికిస్తారో సర్జన్‌ను తప్పకుండా అడగండి. కటి ఎముక దాకా అతికిస్తే నొప్పి తగ్గవచ్చు గానీ, కింద పీటేసుకుని కూర్చోవడం, నేల మీది వస్తువు నడుము వంచి తీయడం, వంగి కాళ్లకు చెప్పులు తొడుక్కోవడం కష్టమవుతాయి. మీ ఇంట్లో ఏ పని ఎలా చేస్తారో, బడిలో రోజుకు ఎంతసేపు నిలబడతారో కాగితం మీద రాసుకెళ్లి, ఆపరేషన్ తర్వాత ఇందులో ఏవి చేయగలనని ఒక్కొక్కటిగా అడగండి.