బిల్డ్ మధ్యలో ‘కిల్డ్’ అని ఆగిపోతుంటే...

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 8 థ్రెడ్ల ప్రాసెసర్, ఉబుంటు ఉన్నాయి. ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్ సామగ్రిని, దాని సీ++ కంపైలర్ క్లాంగ్‌ను సోర్సు నుంచి నింజా అనే బిల్డ్ టూల్‌తో డీబగ్ బిల్డ్ (తప్పులు వెతకడానికి పనికొచ్చే సమాచారంతో) చేస్తున్నాను. దాదాపు చివరి దాకా వచ్చినంక సిస్టమ్ బిగుసుకుపోయి ‘కిల్డ్’ అని ఆగిపోతోంది. ర్యామ్ పెంచక తప్పదా?
– బీటెక్ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: ఇప్పుడే డబ్బు పెట్టకండి. ముందు కెర్నెల్ సందేశాలు చూపే ‘సుడో డీమెసేజ్’ (sudo dmesg) కొట్టి, ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అన్న లైనులో ఏ ప్రాసెస్ పేరుందో చూడండి. ‘సీసీ1ప్లస్’ ఉంటే కంపైల్ దగ్గర, ‘ఎల్‌డీ’ ఉంటే లింకు (కంపైలైన ముక్కలను కలిపి ప్రోగ్రామ్ చేసే దశ) దగ్గర మెమరీ చాలలేదన్నమాట. టెర్మినల్ కిటికీయే మాయమైతే మెమరీ నిండితే ప్రాసెస్‌లను ఆపేసే సిస్టమ్‌డీ-ఊమ్‌డీ దాన్ని చంపి ఉండొచ్చు, అప్పుడు సిస్టమ్ లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్‌లో వెతకండి.

చివర్లో ఆగుతోందంటే లింకు మీదే అనుమానం. క్లాంగ్, ఆప్ట్, ఎల్‌ఎల్‌సీ అనే ప్రోగ్రాములు ఒక్కొక్కటీ అవే లైబ్రరీలను డీబగ్ సమాచారంతో సహా తనలోకి లాక్కుంటుంది. ఒక్కో లింకుకే కొన్ని జీబీలు పడతాయి. నింజాకు మీరు సంఖ్య చెప్పకపోతే థ్రెడ్ల కన్నా రెండు ఎక్కువ, అంటే మీ దగ్గర 10 పనులు ఒకేసారి మొదలుపెడుతుంది. నాలుగు లింకులు కలిసి పడ్డా 8 జీబీ ఏ మూలకూ చాలదు.

అదే బిల్డ్ ఫోల్డర్‌లో బిల్డ్ సెట్టింగులు పెట్టే సీమేక్‌ను ‘ఎల్‌ఎల్‌వీఎం_ప్యారలల్_లింక్_జాబ్స్=1’తో మళ్లీ నడపండి, లింకులు ఒక్కొక్కటిగానే జరుగుతాయి. కంపైలర్ ఫ్లాగులు మారవు కాబట్టి అయిపోయిన ఫైళ్లు మళ్లీ కంపైల్ కావు. ఈ ఆప్షన్ నింజాతోనే పనిచేస్తుంది, మేక్ అనే మరో బిల్డ్ టూల్ దాన్ని పట్టించుకోదు. ‘ఎల్‌ఎల్‌వీఎం_యూజ్_లింకర్=ఎల్‌ఎల్‌డీ’ కూడా చేర్చండి. పాత లింకర్ ఎల్‌డీ కన్నా వేగం, మెమరీ రెండింట్లోనూ ఎల్‌ఎల్‌డీ చాలా నయం.

డీబగ్ నిజంగా అక్కర్లేకపోతే రిలీజ్ బిల్డే మేలు. అన్నిటికన్నా పెద్ద ఆదా అదే, కానీ ఫ్లాగులు మారతాయి కాబట్టి మొదటి నుంచీ కంపైల్ చేయాలి. ఎలాగూ మొదటి నుంచే చేస్తున్నప్పుడు ‘ఎల్‌ఎల్‌వీఎం_టార్గెట్స్_టు_బిల్డ్=ఎక్స్86’ పెట్టండి, అక్కర్లేని ప్రాసెసర్ల కోడంతా తప్పిపోతుంది. డీబగ్ కావాల్సిందే అంటే ‘ఎల్‌ఎల్‌వీఎం_యూజ్_స్ప్లిట్_డ్వార్ఫ్’ ఆన్ చేయండి. డీబగ్ సమాచారంలో చాలా భాగం విడి ఫైళ్లలో ఉండిపోయి లింకర్ మీద భారం తగ్గుతుంది.

8 జీబీ స్వాప్ ఫైలు (ర్యామ్ నిండితే డిస్కు మీద వాడుకునే చోటు) పెట్టుకోండి, కానీ అది ఒక్కసారి వచ్చే ఉప్పెనకే. బిల్డంతా స్వాప్ మీదే నడుస్తుంటే నింజాకు ‘-జె’తో ఇచ్చే పనుల సంఖ్య ఇంకా తగ్గించాలి.

ప్రశ్న: మా సీ++ ప్రాజెక్టులో ఒక్క ఫైలే జీసీసీ కంపైలర్‌ను పడేస్తోంది. ‘-జె1’ (ఒకేసారి ఒక్క పనే) పెట్టినా అంతే.
– జడ్చర్ల

జవాబు: అలాంటప్పుడు పనుల సంఖ్య తగ్గించి లాభం లేదు. ఆ ఫైలు కంపైల్ కమాండ్ ముందు ‘/యూఎస్ఆర్/బిన్/టైమ్ -వి’ చేర్చి నడపండి. షెల్‌లో ఉండే టైమ్ ఈ లెక్క ఇవ్వదు. ‘మ్యాగ్జిమమ్ రెసిడెంట్ సెట్ సైజ్’ దగ్గర కిలోబైట్లలో కనిపించేదే ఆ ఫైలు అసలు ఆకలి. యూనిటీ బిల్డ్ ఆన్‌లో ఉంటే ముందు తీసేయండి, అది చాలా ఫైళ్లను ఒకటిగా కుట్టి ఇలాగే చేస్తుంది. తర్వాత ఆ ఒక్క ఫైలుకే ‘-ఓ1 -జీ0’ (తక్కువ ఆప్టిమైజేషన్, డీబగ్ సమాచారం లేకుండా) ఇవ్వండి. ఇంకా చాలకపోతే ‘--పారమ్ జీజీసీ-మిన్-ఎక్స్‌పాండ్=20 --పారమ్ జీజీసీ-మిన్-హీప్‌సైజ్=32768’ చేర్చితే జీసీసీ మెమరీలోని తన చెత్తను త్వరత్వరగా ఊడ్చుకుంటుంది. సమయం పెరుగుతుంది. క్లాంగ్‌లో ఈ పారమ్‌లు లేవు. శాశ్వతంగా పోవాలంటే ఫైలును ముక్కలు చేసి, పదేపదే వాడే టెంప్లేట్లను ‘ఎక్స్‌టర్న్ టెంప్లేట్’గా ప్రకటించి ఒక్కచోటే తయారయ్యేలా చూడాలి.