లింకర్ మార్చినా మారకపోతే...

ప్రశ్న: ఎల్‌ఎల్‌వీఎం (కంపైలర్లు తయారుచేసే సాధనాల సముదాయం), దాని సీ, సీ++ కంపైలర్ క్లాంగ్‌లను సోర్సు నుంచి బిల్డ్ చేస్తున్నాను. ఉబుంటు 22.04, కంపైలర్ జీసీసీ 11, ర్యామ్ 16 జీబీ. ఎల్‌ఎల్‌డీ లింకర్ (కంపైల్ అయిన ముక్కలను కలిపి ప్రోగ్రామ్‌గా చేసేది) వాడదామని, బిల్డ్‌ను సిద్ధం చేసే సీమేక్‌లోని సీమేక్_లింకర్ సెట్టింగ్‌కు దాని పాత్ ఇచ్చాను. కన్ఫిగర్ దశలో ఏ ఎర్రరూ రాలేదు. లింకింగ్ మాత్రం మునుపటంత నెమ్మదిగానే సాగి, ‘సిగ్నల్ 9’ అంటూ మధ్యలో ఆగిపోతోంది. ఎందుకు?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ బిల్డ్‌లో ఇంకా పాత లింకరే నడుస్తోంది. లైనక్స్‌లో సీమేక్ లింకర్‌ను నేరుగా పిలవదు. జీసీసీ వారి సీ++ కంపైలర్ జీ++ను పిలుస్తుంది, లింకర్‌ను వెతికి నడిపేది అదే. మీరిచ్చిన పాత్ సీమేక్ క్యాష్‌లో ఉంటుందే గానీ లింక్ కమాండ్‌లోకి రాదు. కాబట్టి చెప్పాల్సింది కంపైలర్‌కు: -ఎఫ్‌యూజ్-ఎల్‌డీ=ఎల్‌ఎల్‌డీ.

ఎల్‌ఎల్‌వీఎంలో ఇందుకు ప్రత్యేకంగా ఒక ఆప్షన్ ఉంది. ముందు ఉబుంటు ప్యాకేజీ సాధనం ఆప్ట్‌తో ఎల్‌ఎల్‌డీ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, కొత్త బిల్డ్ ఫోల్డర్‌లో ఎల్‌ఎల్‌వీఎం_యూజ్_లింకర్=ఎల్‌ఎల్‌డీ అని ఇవ్వండి. కంపైలర్‌కు ఆ లింకర్ దొరక్కపోతే కన్ఫిగర్ అక్కడే ఆగిపోతుంది. గంటల తర్వాత తెలియడం కంటే ఇది ఎంతో నయం. వేరే సీమేక్ ప్రాజెక్టులకైతే ఆ ఫ్లాగ్‌ను ఎగ్జిక్యూటబుల్, షేర్డ్, మాడ్యూల్ లింకర్ ఫ్లాగులు మూడింటిలోనూ పెట్టాలి. మొదటిదానితో సరిపెడితే .ఎస్‌ఓ ఫైళ్లు (షేర్డ్ లైబ్రరీలు) పాత లింకర్‌తోనే తయారవుతాయి.

ఇక సిగ్నల్ 9: ర్యామ్ చాలక కెర్నలే ప్రాసెస్‌ను చంపేసి ఉంటుంది. కెర్నల్ సందేశాలు చూపే డీమెస్గ్ కమాండ్‌లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అన్న లైను ఉందేమో చూడండి. డీబగ్ బిల్డ్‌లో ఒక్కో లింక్ కొన్ని జీబీలు తినేస్తుంది, బిల్డ్ నడిపే నింజా అలాంటివి ఎన్నో ఒకేసారి మొదలుపెడుతుంది. ఎల్‌ఎల్‌వీఎం_ప్యారలల్_లింక్_జాబ్స్=2 పెట్టండి. ఇది నింజాతోనే పనిచేస్తుంది, మేక్‌తో కాదు. డీబగ్ సమాచారం అక్కర్లేకపోతే రిలీజ్ బిల్డ్ చేసుకోండి, టార్గెట్లలో ఎక్స్86 ఒక్కటే ఉంచండి. నా లెక్కలో లింకర్ మార్చడం కంటే మీకు ఈ మార్పులే ఎక్కువ మేలు చేస్తాయి.

బిల్డ్ పూర్తయ్యాక, బైనరీ ఫైళ్లలోని వివరాలు చూపే రీడ్‌ఎల్ఫ్‌కు -పీ .కామెంట్ ఇచ్చి, బిన్ ఫోల్డర్‌లోని క్లాంగ్‌ను చూడండి. ఎల్‌ఎల్‌డీ తన పేరు, వెర్షన్ అక్కడ రాస్తుంది. కంపైలర్ పేరొక్కటే కనిపిస్తే ఫ్లాగ్ చేరలేదన్నమాట.

ప్రశ్న: జీసీసీ 11కు -ఎఫ్‌యూజ్-ఎల్‌డీ=మోల్డ్ ఇస్తే ఆ ఆప్షన్ తెలియదంటోంది. మోల్డ్ (మరో లింకర్) ఇన్‌స్టాల్ అయ్యే ఉంది.
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ పేరును జీసీసీ 12.1 నుంచే గుర్తిస్తుంది. పాతదానికి -బీ/యూఎస్ఆర్/లిబ్‌ఎగ్జెక్/మోల్డ్ ఇవ్వండి. ఆ ఫోల్డర్‌లో ఎల్‌డీ అనే పేరుతో మోల్డ్‌కు సిమ్‌లింక్ (వేరే ఫైలును సూచించే లింకు) ఉంటుంది. -బీ ఇచ్చినచోటే జీసీసీ ముందుగా వెతుకుతుంది కాబట్టి అదే దొరుకుతుంది. ఫోల్డర్‌లో ఆ సిమ్‌లింక్ లేకపోతే కంపైలర్ ఏమీ అనకుండా మామూలు ఎల్‌డీనే వాడేస్తుంది. అందుకే ముందుగా ఎల్‌ఎస్ కొట్టి చూసుకోండి.

ప్రశ్న: జీసీసీలో -ఎఫ్‌ఎల్‌టీఓ (ఎల్‌టీఓ అంటే లింక్ సమయంలో చేసే ఆప్టిమైజేషన్) పెట్టి ఎల్‌ఎల్‌డీతో లింక్ చేయొచ్చా?
- ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: వద్దు. ఎల్‌టీఓ ఆబ్జెక్ట్ ఫైళ్లలో జీసీసీ తన సొంత మధ్యస్థ కోడ్ రాస్తుంది, ఎల్‌ఎల్‌డీ చదవగలిగేది ఎల్‌ఎల్‌వీఎం బిట్‌కోడ్‌నే. ఎల్‌టీఓ కావాలంటే క్లాంగ్‌కు ఎల్‌ఎల్‌డీని, జీసీసీకి మామూలు ఎల్‌డీనో మోల్డ్‌నో జతచేయండి.